రష్యా అధ్యక్షులు పుతిన్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపుతూ మీరు దాన్ని యుద్ధం అనలేదు, ప్రత్యేక సైనిక చర్య అన్నారు. తూర్పు ఉక్రెయిన్‌లోని దొన్‌బాస్ ప్రజల్ని కాపాడటానికే అన్నారు. ఉక్రెయిన్ భూభాగాన్ని ఆక్రమించే ఆలోచన లేదని కూడా ఆ ప్రసంగంలోనే చెప్పారు. ఏడు నెలలు గడిచాయో లేదో, సెప్టెంబర్ 30న, నాలుగు ప్రాంతాలు రష్యావేనని సంతకం చేశారు. పూటకో కారణమైతే ఏది పట్టుకోమంటారు?

నాటో మీ గుమ్మం దాకా వస్తోందన్న వాదనను కొట్టిపారేయను. పెద్ద దేశాలకూ సరిహద్దు భయాలుంటాయి. కానీ మీ దండయాత్ర చూసి బెదిరిన ఫిన్లాండ్ 2023లో నాటోలో చేరింది. మీతో 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దున్న దేశం అది. నాటోకు ఇంత మేలు మరెవరు చేశారు! ఫిన్లాండ్ మీదికి మాత్రం మీ సైన్యం కదల్లేదు. మరి ఉక్రెయిన్‌లో పోరు ఆపకపోవడానికి నాటోయే కారణమంటే ఎలా నమ్మాలి? అణ్వాయుధాలు వదులుకుంటున్న ఉక్రెయిన్‌కు, దాని సరిహద్దుల్ని గౌరవిస్తామని 1994లో బుడాపెస్ట్‌లో రష్యా చేసిన సంతకం ఏమైంది?

ఇంత దూరాన ఉన్నవాడికి ఈ గొడవ ఎందుకంటారేమో. సహాయకుడి ఉద్యోగమని నమ్మి రష్యా వెళ్లిన హైదరాబాద్ యువకుడొకరు మీ యుద్ధంలో చనిపోయినట్టు 2024 మార్చిలో కబురొచ్చింది. ఆ జులైలో మా ప్రధాని మాస్కో వచ్చినప్పుడు, మీ సైన్యంలో చిక్కుకున్న భారతీయుల్ని విడిచిపెడతామని మీ ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ మాట నిలబెట్టుకోవడానికి కాల్పుల విరమణ దాకా ఆగనక్కర్లేదు. ఇంకా మిగిలినవాళ్లుంటే ముందు వాళ్లను ఇంటికి పంపించండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక పౌరుడు