కొండ ఇళ్ల పొగగొట్టాలు

గత సంచికలో ఈ శీర్షిక క్రింద మిద్దె ఇళ్ల చెమ్మను గురించి వ్రాసిన తరువాత, హిమాచల్ ప్రదేశ్ వైపు బదిలీపై వెళ్లిన ఇద్దరు సహోద్యోగుల నుండి దాదాపు ఒకే ప్రశ్న వచ్చింది. తమకు కేటాయించిన పాత బంగళాలో ఇటుకలతో కట్టిన పొగగొట్టం ఉన్నదనీ, చలికాలంలో అందులో నిప్పు వేసుకోవచ్చునా, లేక శాశ్వతంగా మూసివేయించడం మేలా అనీ వారు అడిగారు. ప్రశ్న చిన్నదే గాని, సమాధానం తప్పితే ఇంటిల్లిపాదికీ ప్రమాదం. కావున ఈ నెల ఆ విషయమే ముచ్చటించుకుందాం.

మన ప్రాంతం నుండి వెళ్లిన కుటుంబాలకు పొగగొట్టమంటే వంటింటి కప్పులోని పొగగూడే గుర్తుకు వస్తుంది. కొండ ఇళ్లలోనిది అది కాదు. 1864లో సిమ్లా వేసవి రాజధాని అయిన తరువాత ఆ కొండల మీద వెలసిన బంగళాలలో ప్రతి ముఖ్యమైన గదికీ ఒక నిప్పుగూడు, దాని పైన గోడలో కలిసిపోయి కప్పు దాటి పైకి లేచే ఇటుక గొట్టం ఉండేవి. ఒక్కొక్క గొట్టపు గుంపులో రెండు మూడు గదుల దారులు పక్కపక్కనే సాగుతాయి. మధ్యనుండే అడ్డుగోడ చాలాచోట్ల ఒక్క ఇటుక మందమే. విద్యుత్ హీటర్లు వచ్చాక వీటిలో అధిక భాగం వాడుక తప్పాయి. వాడుక తప్పినంత మాత్రాన అవి నిరపాయకరం కాలేదు. పైనున్న ఇటుకల బరువు పైనే ఉన్నది, వాన నీరు దిగే దారి దిగుతూనే ఉన్నది.

పొగగొట్టం పొగను ఎలా పైకి లాగుతుందో ముందుగా తెలుసుకోవాలి. వేడి గాలి తేలిక, చల్లని గాలి బరువు. గొట్టంలోని వేడి గాలి స్తంభానికీ, బయట అంతే ఎత్తున ఉన్న చల్లని గాలి స్తంభానికీ గల బరువు తేడాయే పొగను లాగే శక్తి. ఆరు మీటర్ల గొట్టం, లోపల సగటున 100 డిగ్రీల సెల్సియస్, బయట సున్నా డిగ్రీలు అనుకొని లెక్క వేస్తే, సముద్ర మట్టంలో ఆ లాగుడు సుమారు 20 పాస్కల్‌లు వస్తుంది. సిమ్లా రెండు వేల మీటర్లకు పైన ఉన్నది. అక్కడ గాలి పలుచన కనుక అది 15కు పడిపోతుంది. అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల నీటి మట్టమంత ఒత్తిడి! మన 500 మెగావాట్ల యూనిట్లకు 275 మీటర్ల చిమ్నీలు ఉండి కూడా పొగను తోయడానికి పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టుకుంటాం. ఇంటి పొగగొట్టానికి ఆ సహాయమేదీ లేదు. ఇంత బలహీనమైన లాగుడును ఒక పక్షి గూడు ఆపగలదు. వంటింట్లో తిరుగుతున్న ఎగ్జాస్ట్ ఫ్యాను తిరగవేయగలదు. పాత చెక్క కిటికీలు తీసి గాలి చొరని అల్యూమినియం కిటికీలు బిగించుకున్న ఇళ్లలో పొగ గదిలోకే తిరిగి రావడానికి కారణం ఇదే. పొగ పైకి పోవాలంటే, పోయినంత గాలి గదిలోకి రావాలి కదా!

ఇక నిర్మాణం సంగతి. ఆ కాలపు గొట్టాలలో మట్టి గొట్టపు ముక్కల అస్తరు సాధారణంగా ఉండదు. ఇటుక కట్టుబడి లోపలి ముఖానికి సున్నపు పూత మాత్రమే పూసేవారు. ఇంగ్లండులో ఆ పూతలో ఆవుపేడ కలిపే ఆచారం ఉండేదని తెలిస్తే మన పాఠకులు సంతోషిస్తారు. పగుళ్లు రాకుండా, వేడికి సాగేలా ఉండడం కోసం అలా చేసేవారు. అయితే నూరేళ్ల పొగలోని ఆమ్లాలకు ఏ పూతా నిలవదు. పూత రాలిపోయిన చోట ఇటుకల మధ్య సున్నం కూడా పొడిగా మారి రాలుతుంది. అప్పుడు ఒక గది పొగ పక్క గొట్టంలోకి, అక్కడి నుండి పై అంతస్తు పడకగదిలోకి దారి చేసుకుంటుంది. గొట్టాన్ని ఆనుకొని దేవదారు దూలం ఉంటే నిప్పురవ్వకు ఆ సందే చాలు. ఏళ్ల తరబడి వేడి తగిలిన కలప మామూలు కలప కంటే తక్కువ ఉష్ణోగ్రతకే అంటుకుంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1981 జనవరిలో పీటర్‌హాఫ్, 2014 జనవరిలో గోర్టన్ కాజిల్ అగ్నికి ఆహుతైన తీరు సిమ్లా వాసులు మరువలేదు. వాటికి పొగగొట్టాలే కారణమని నేను అనడం లేదు. అంత కలప ఉన్న కట్టడంలో నిప్పు పుడితే ఏమవుతుందో చెప్పడానికే ఉదహరించాను.

లోపల పేరుకునే మసిలో రెండు రకాలున్నాయి. మెత్తని పొడి మసి బ్రష్షుకు రాలుతుంది. రెండవది క్రియోసోట్. కట్టె సగం కాలినప్పుడు పుట్టే తారు ఆవిర్లు, గొట్టంలో 120 డిగ్రీల కంటే చల్లబడిన చోట గోడకు అంటుకొని నల్లని జిగురుగా, కాలక్రమాన మెరిసే పెంకుగా గట్టిపడతాయి. ఇది ఇంధనమే. అంటుకుంటే గొట్టం లోపల వేడి వెయ్యి డిగ్రీలు దాటవచ్చు, రైలు పోతున్నట్లు హోరు వినిపిస్తుంది. అట్టి సమయంలో గొట్టంలోకి నీళ్లు గుమ్మరించరాదు, ఎర్రగా కాగిన ఇటుకలు పగిలిపోతాయి. నిప్పుగూటికి గాలి అందకుండా మూసి, ఇంట్లో వారందరినీ బయటకు పంపి, 101కు ఫోను చేయాలి. చీడ్ కట్టె జిగురుది కనుక దానివల్లనే మసి పడుతుందని కొండవాసులు అంటారు. నా అభిప్రాయంలో ఆ చెట్టు మీద పడిన నింద పెద్దది. అసలు దోషం చెమ్మది. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగం వరకు నీరే ఉండవచ్చు. చీడ్ అయినా, బాన్ అయినా చెమ్మ 20 శాతానికి దిగేవరకు, అంటే కనీసం ఒక ఎండాకాలం గాలి తగిలేలా పేర్చి ఆరబెట్టిన కట్టెనే వాడాలి. రెండు కట్టెలు తట్టి చూస్తే, ఆరినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్‌మంటాయి. రాత్రంతా నిలవాలని గాలి తగ్గించి నిప్పును రాజబెట్టి ఉంచడం మసికి మరొక మూలం. చిన్న మంటైనా చురుకుగా మండనివ్వడం మంచిది.

అయినా పాత పొగగొట్టానికి నిప్పు కంటే పెద్ద శత్రువు నీరు. కప్పు పైన నాలుగు వైపులా గాలికీ వానకూ నిలబడే భాగం ఇంట్లో అదొక్కటే. జూన్ నుండి సెప్టెంబరు దాకా అది తడుస్తుంది. తరువాత చలికాలంలో రాత్రి గడ్డకట్టి, పగటి ఎండకు కరుగుతుంది. నీరు మంచుగా మారేటప్పుడు పరిమాణం 9 శాతం పెరుగుతుంది. ఇటుక రంధ్రాలలో, సున్నపు సందుల్లో ఈ ఉబ్బు రాత్రికొకసారి జరిగితే ఇటుక ముఖం పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఎప్పుడూ గడ్డకట్టి ఉండే చోటు కంటే, ఇలా రోజూ గడ్డకట్టి కరిగే చోటే కట్టుబడికి ఎక్కువ హాని.

దీనికి మన ఊళ్లలో వలెనే అక్కడ కూడా చేసే వైద్యం సిమెంటు. సందులు గీకి, గట్టి సిమెంటు కలుపుతో టీపు పెట్టి, పైన నున్నగా పూత పూస్తారు. చూడడానికి కొత్తదానివలె కనిపిస్తుంది. రెండు మూడు శీతాకాలాలలో ఇటుకలే రాలడం మొదలవుతుంది. పాత ఇటుక మెత్తనిది, సున్నం అంతకంటే మెత్తనిది. గోడలోకి చేరిన తేమ ఆ సున్నపు సందుల గుండానే ఆరిపోయేది. కదలిక వస్తే సున్నమే కొద్దిగా పగిలి సర్దుకునేది. సిమెంటు సందును బిగించివేస్తే తేమకు ఇటుక తప్ప దారి లేదు, కదలికకు ఇటుక తప్ప చోటు లేదు. బొగ్గు మండించిన గొట్టాలలో మరొక చిక్కు కూడా ఉన్నది. బొగ్గులోని గంధకం వల్ల పుట్టిన సల్ఫేట్లు తడిలో సిమెంటుతో చేరి దానిని ఉబ్బిస్తాయి. వాన ఎక్కువగా కొట్టే వైపు సందులు ఉబ్బి, గొట్టం రెండవ వైపుకు ఒరుగుతుంది. మనవైపు పాత మేస్త్రీలు గానుగసున్నం, సుర్కీ, కరక్కాయ నీళ్లు, బెల్లపు నీళ్లు అంటూ చెప్పిన మాటలను కాలేజీలో చదివే రోజుల్లో మేము చాదస్తమనుకొనేవాళ్లం. పాత కట్టడాల పరిరక్షణ చేసేవారు నేడు ఆ సున్నపు కలుపునే కోరుతున్నారు.

పరీక్షకు అనువైన కాలం వానలు వెలసిన తరువాత, నిప్పు వేయడానికి ముందు, అంటే సెప్టెంబరు చివర నుండి అక్టోబరు వరకు. ఇంటివారు చేయదగినది కొంత ఉన్నది. కప్పు ఎక్కనవసరం లేదు. దూరం నుండి బైనాక్యులర్స్‌తో నాలుగు వైపులా చూడాలి. దారానికి గుండు కట్టి కంటి ముందు పట్టుకుంటే గొట్టం ఒరిగినదీ లేనిదీ తెలుస్తుంది. పై మూత పగిలిందా, సందుల్లో గడ్డి మొలిచిందా, ముడతల రేకుల కప్పు గొట్టాన్ని తాకే చోట రేకు పట్టీ లేచిందా అన్నది గమనించాలి. కొండ ఇళ్లలో కారే నీరు ఎక్కువగా ఆ పట్టీ దగ్గరదే. తరువాత అటక మీద టార్చి వేసి గొట్టం చుట్టూ చూడాలి. తెల్లని ఉప్పు పొంగు నీటికి గుర్తు, గోధుమ రంగు మరకలు పొగకు గుర్తు. రెండవది కనబడితే ఇక ఆ గూటిలో నిప్పు వేయరాదు. చివరగా నిప్పుగూటిలో చిన్న అద్దం పట్టుకొని పైకి చూడాలి. ఆకాశం కనబడకపోతే దారిలో వంపు ఉండవచ్చు, అడ్డు కూడా ఉండవచ్చు. గూటిలో సున్నపు పొడి, ఇటుక ముక్కలు, పుల్లలు రాలి ఉంటే పైన ఏమి జరుగుతున్నదో అవే చెబుతాయి. మసి మూడు మిల్లీమీటర్ల మందం దాటితే శుభ్రం చేయించవలసిందే. వెలిగించిన అగరువత్తిని గూటి నోటి వద్ద ఉంచి, పొగ లోపలికి పోతున్నదా గదిలోకి వస్తున్నదా చూడడం మనవారందరికీ చేతనైన పరీక్ష.

గొట్టం కప్పును చీల్చుకొని లేచే చోటి నుండి కనీసం మూడడుగులు, పదడుగుల లోపల ఉన్న ఏ కప్పు భాగం కంటేనైనా రెండడుగులు ఎత్తు ఉండాలన్నది పాత నియమం. లాగుడుకు అది అవసరమే. కాని అవసరానికి మించిన ఎత్తు భూకంపంలో మృత్యువు. 1905 ఏప్రిల్ 4న కాంగ్రా భూకంపం ఇరవై వేల మంది ప్రాణాలు తీసింది. 2002 నాటి ఐ.ఎస్. 1893 సంకేతంలో సిమ్లాను నాలుగవ మండలంలో చేర్చారు. ఏ ఆధారమూ లేక కప్పుపై నిలిచిన ఇటుక గొట్టం కుదుపుకు ముందుగా విరిగేదాన్లలో ఒకటి, అది పడేది రేకుల కప్పు మీద, దాని క్రింద మనుషులుంటారు. వాడని గొట్టమైతే కప్పు మట్టానికి దించివేయమనే నేను చెబుతాను. ఇంటి అందం పోతుందని కొందరు బాధపడతారు. ఆ బాధ నాకూ ఉన్నది, అయినా నా సలహా మారదు.

మూసివేయడంలో కూడా జాగ్రత్త ఉన్నది. కొన్నేళ్ల క్రితం ఒక కొండ ప్రాజెక్టు క్వార్టర్లలో ఒక తెలుగు కుటుంబం ఉండేది. ఇంటావిడకూ పిల్లలకూ ఉదయం లేవగానే తలనొప్పి, వికారం. మధ్యాహ్నానికి తగ్గేవి. ఎత్తు పడలేదని ఒకరు, నీరు పడలేదని ఇంకొకరు అన్నారు. ఆ కుటుంబం ఆ గదిలో నిప్పు వేయనే లేదు. క్రింది అంతస్తు వారు మాత్రం రోజూ వేసుకొనేవారు. పైన గొట్టం నోటిని ఎవరో రాయి పెట్టి మూసివేశారు. మధ్య గోడ శిథిలమైంది. క్రింది పొగలోని కార్బన్ మోనాక్సైడ్ పై గదిలోకి వచ్చేది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇంటి బయటకు వెళితే తగ్గి, లోపలికి వస్తే తిరిగి వచ్చే తలనొప్పిని వాతావరణం మీదికి నెట్టరాదు. ఆ కుటుంబం సంక్రాంతికి ఊరు వెళ్లి, అక్కడ పూర్తిగా స్వస్థత చెందడం వల్లనే అసలు సంగతి బయటపడింది.

పొగగొట్టం మూసి, దాని బదులు గదిలో బొగ్గు కుంపటి పెట్టుకొని తలుపులు బిగించి నిద్రపోవడం ఇంతకంటే ఘోరం. ఉత్తరాదిన ప్రతి శీతాకాలంలోనూ ఈ మరణాలను పత్రికలలో చూస్తూనే ఉన్నాం. కుంపటి మంట కనబడదు, పొగ రాదు, అందువల్లనే నమ్మకం కలుగుతుంది. కుంపటికి పడకగదిలో చోటు లేదు. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం నేడు బజారులో దొరుకుతున్నది. కొండ క్వార్టర్లలో పడకగదికి ఒకటి చొప్పున అమర్చమని మన సంక్షేమ విభాగం వారికి వ్రాయడంలో ఉద్యోగులు మొహమాటపడనవసరం లేదు.

శుభ్రపరిచే పని తెలిసినవారి చేతనే, పొడవైన కర్రలకు బిగించిన బ్రష్షులతో జరగాలి. గొట్టం సైజుకు సరిపోయే బ్రష్షు కావాలి. ఇనుప గొలుసులు దించి ఊపే పద్ధతి పాత పూతను రాల్చివేస్తుంది కనుక ఒప్పుకోరాదు. సన్నగా ఉన్నాడు కదా అని కుర్రవాణ్ణి లోపలికి దించడం అంతకంటే కూడదు. ఇంగ్లండులో చిన్నపిల్లలను గొట్టాలలోకి ఎక్కించే దురాచారం 1875 చట్టంతో గాని ఆగలేదు. ఆ పనివారికి మసి వల్ల క్యాన్సరు వస్తున్నదని పెర్సివాల్ పాట్ అనే శస్త్రవైద్యుడు అంతకు నూరేళ్ల ముందే, 1775లో వ్రాశాడు. వృత్తి వల్ల కలిగే క్యాన్సరును గుర్తించడం అదే మొదలు.

వాడని గొట్టాన్ని మూయించేటప్పుడు పైన వాన పడకుండా, గాలి మాత్రం ఆడేలా మూత పెట్టించి, క్రింద నిప్పుగూటిని మూసిన పలకలో ఒక జాలీ ఉంచాలి. రెండు చివరలూ బిగిస్తే లోపలి తేమ గోడలోకి దిగి, పడకగది గోడపై గోధుమ రంగు మచ్చలు తేలుతాయి. అయితే జాలీ పెట్టించే ముందు ఆ గొట్టంలోకి పక్క గది పొగ రావడం లేదని పొగ పరీక్ష చేయించుకోవాలి. సివిల్ విభాగానికి ఇచ్చే దరఖాస్తులో "పొగగొట్టం మరమ్మతు" అని మాత్రం వ్రాస్తే సిమెంటు బస్తాతో మనిషి వస్తాడు. "సున్నపు కలుపుతో టీపు, పొగ పరీక్ష, రేకు పట్టీ మార్పు" అని విడివిడిగా వ్రాయండి. వానలకు ముందే దరఖాస్తు ఇస్తే అక్టోబరులో పని మొదలవుతుంది. సున్నం సరిగా గట్టిపడాలంటే మంచు పడడానికి కొన్ని వారాల ముందే పని పూర్తి కావాలి.