అన్నభేది నేర్పు పాఠము

మురుగునీటి మలినములను సూక్ష్మజీవులు తిని హరించును. కాని కొన్ని రంగులును ఔషధములును వానికి లొంగవు. మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు పటాన్‌చెరు కేంద్రమునుండి వెడలిన నీట, లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్సాసిను కలదని 2007లో ప్రకటింపఁబడిన పరిశోధనము తెలిపెను. సూక్ష్మజీవులను చంపు మందును సూక్ష్మజీవులే యెట్లు తినఁగలవు?

చింతపండు పులుపునకు మూలమైన టార్టారికామ్లము, ఇనుప లవణమున్నచో హైడ్రొజన్ పెరాక్సైడుచే ఆక్సీకరణము నొందునని ఫెంటను పండితుఁడు 1894లో వివరించెను. ఆమ్లజలమున అన్నభేదియుఁ బెరాక్సైడును గలిసినచో హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టి మొండి అణువులను ఛేదించును. దీనికి వ్యయము కలదు. ఇనుప మడ్డియు మిగులును. కావున మురుగులన్నియుఁ గలిసి పలుచనైన పిమ్మటఁ గాక, విషము చిక్కగానున్నపుడే, కర్మాగారపు గడపలోనే ఈ పద్ధతి నవలంబింపవలెనని నా యభిప్రాయము. మన యింటి చెత్తను పొరుగువాని బావిలోఁ బోయుట ధర్మమా?