పాత గోడ పడగొట్టకముందే కొలిపించుకోవాలి

సర్వేయరు కొలత ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు?

జగ్గయ్యపేట: పాత ఇల్లు పడగొట్టి కొత్తదానికి ముగ్గు పోసిన రోజునే పల్లెల్లో హద్దు తగాదాలు పుట్టుకొస్తున్నాయి. నిన్నటిదాకా వరసలు పెట్టి పిలుచుకున్న ఇరుగుపొరుగువారు అడుగు స్థలం కోసం పోలీసు స్టేషన్ మెట్లెక్కుతున్నారు. పెద్దమనుషుల వల్ల కానప్పుడు అందరి నోటా వచ్చే మాట ఒక్కటే: సర్వేయరును పిలిపిద్దాం. అయితే సర్వేయరు వచ్చి కొలిచి వెళ్లిన తరువాత కూడా చాలా తగాదాలు తెగడం లేదు. దోషం కొలతలో లేదు. ఏ కాగితం ప్రకారం కొలవాలన్నది ముందుగా తేలకపోవడమే అసలు చిక్కు.

అడుగు ఎక్కడ పోతున్నది?

పాత ఇళ్ల మట్టిగోడలు చాలాచోట్ల అడుగున్నర, రెండడుగుల మందం వుండేవి. వాటి స్థానంలో ఇప్పుడు తొమ్మిదంగుళాల ఇటుక గోడ లేస్తున్నది. మిగిలిన జాగా ఎవరిది? గోడ తనదేనని ఒకరు, ఉమ్మడి గోడ అని మరొకరు. చూరునీళ్లు పడే చోటు గురించి కూడా ఇదే వాదం. 60 అడుగుల పొడవున గోడ ఒక్క అడుగు జరిగితే 60 చదరపు అడుగులు, అంటే ఆరున్నర గజాలకు పైగా చేతులు మారినట్లే.

పాత దస్తావేజుల్లో చాలావాటికి కొలతలు వుండవు. తూర్పున ఫలానావారి దొడ్డి, పడమర రస్తా అని చెక్కుబందీ మాత్రం వుంటుంది. ఆ దొడ్డి ఎన్నడో వాటాలు పడింది. ఆ రస్తా సిమెంటు రోడ్డయింది. పూర్వం ఇటువంటి వివాదాల్లో కరణం మాట చెల్లేది. 1984లో కరణం, మునసబు వ్యవస్థ రద్దయిన తరువాత ఊరి హద్దులు నోటికి చెప్పగల మనిషి కూడా లేకుండా పోయాడు.

గ్రామకంఠం సంగతి వేరు

పొలాలకు సర్వే నెంబర్లు, ఎఫ్.ఎం.బి. పటాలు వున్నాయి. పాత పటాల్లో కొలతలు గొలుసులు, లింకుల్లో వుంటాయి. గొలుసు పొడవు 66 అడుగులు. అందులో 100 లింకులు. పొలాన్ని స్థలాలుగా విడగొట్టి అమ్మినచోట సర్వేయరు రాళ్ల నుంచి కొలుచుకుంటూ వచ్చి ఆ నెంబరు హద్దు ఎక్కడున్నదో చూపగలడు.

ఊరి నడుమ గ్రామకంఠంలో అలా కుదరదు. బ్రిటిషువారి కాలపు సర్వేలో నివాస స్థలాన్ని సాధారణంగా ఒకే ముక్కగా చూపారు గాని, ఇంటింటినీ విడిగా కొలవలేదు. ఆ పటం ఎంత వెదికినా మీ గోడ అందులో కనిపించదు. అక్కడ సర్వేయరు చేయగలిగింది, ఇద్దరి దస్తావేజులు ముందు పెట్టుకొని స్థలంతో పోల్చి చూడడమే. హక్కు ఎవరిదన్నది సివిల్ కోర్టు తేల్చవలసిన విషయం. దస్తావేజులోని విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన లేనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువ ఇస్తాయి.

డ్రోన్లు వచ్చినా...

ఈ లోటు తీర్చడానికే కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం ప్రారంభించింది. అదే ఏడాది డిసెంబరు 21న రాష్ట్రంలో రీసర్వే మన తక్కెళ్లపాడులోనే మొదలయింది. డ్రోను గోడలను, కప్పులను, బాటలను పైనుంచి స్పష్టంగా చూపుతుంది. కాని గోడ పొరుగువారి స్థలంలోకి జరిగి వుంటే, జరిగిన చోటనే చూపుతుంది. అందుచేత సర్వే సిబ్బంది వచ్చిన రోజున యజమాని కాగితాలతో సహా అక్కడ వుండడం అవసరం. పొట్టకూటికి పై ఊళ్లకు వెళ్లినవారు తమ తరఫున ఒకరిని నిలబెట్టుకోవాలి. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం, సర్వే ముగిసినట్లు ప్రకటన వెలువడిన మూడేళ్లలోగా కోర్టులో దావా వేసుకోవచ్చు. ఆ గడువు దాటితే కష్టమే.

ఏం చేయాలి?

గ్రామకంఠంలో పాత గోడే గట్టి సాక్ష్యం. దానిని పడగొట్టిన తరువాత సర్వేయరును పిలిస్తే ఆయన కొలవడానికి ఆధారం మిగలదు. కనుక గోడ వుండగానే కొలిపించాలి. ముందుగా తమ దస్తావేజుతోపాటు పొరుగువారి దస్తావేజు నకలు కూడా సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి తెచ్చుకోవడం మంచిది. ప్రభుత్వ సర్వేకు మీసేవలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రైవేటు సర్వేయరు త్వరగా వస్తాడు గాని, పొరుగువారు ఒప్పుకోనప్పుడు ఆయన కొలతకు బలం తక్కువ.

ఇరువురి ఎదుటే కొలిచి, రాళ్లు పాతి, కొలతలు కాగితం మీద రాసి, సాక్షులతో సంతకాలు చేయించుకోవాలి. ఒకరి జాగా మరొకరికి వదులుకుంటే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పదు. సర్వే సిబ్బంది కూడా ఏ ఆధారంతో కొలిచారో రాసి, నకలు ఇరుపక్షాలకూ ఇవ్వవలసిన అవసరం ఎంతైనా వున్నది.

దావా పడితే కోర్టు నియమించే కమిషనరు కూడా సర్వేయరును వెంటబెట్టుకునే వస్తాడు. అప్పటికి పాత గోడ వుండదు. ఇరుగుపొరుగు మధ్య మాటలు కూడా వుండవు.