జట్టు కూర్పులో స్థానబలము

మన సంఘ యువకులు ఫుట్‌బాల్ జట్టు నొకదానిని కూర్ప సంకల్పించిరి. సంతోషమే. కాని పేర్లు వ్రాసికొన కూర్చున్ననాడు పదునాలుగు పేర్లు రాగా, అందు పదిమంది “మేము ఫార్వర్డుల”మనిరి. గోలు కాచెదనన్నవాడు ఒక్కడును లేడు. కొట్టునిండ చక్కెర బస్తాలు నింపి ఉప్పు తెప్పింపని వర్తకునివలె నున్నది మన స్థితి.

ఈ సందర్భమున మనకు సమీపముననే యున్న బెంగళూరు ఎఫ్.సి. జట్టు చరిత్ర పరిశీలింపదగినది. 2017 జూలై 23వ తేదీన ముంబయిలో ఇండియన్ సూపర్ లీగు ఆటగాండ్ర ఎంపిక జరిగెను. బెంగళూరువారు ముందుగా అట్టిపెట్టుకొనిన ఇద్దరు పెద్ద ఆటగాండ్రు సునీల్ ఛెత్రి, ఉదాంత సింగ్. ఇరువురును ముందువరుసవారే. కనుక ఎంపికలో వారి చూపు వెనుకకు మరలినది. బ్యాకులుగా రాహుల్ భేకే, శుభాశిష్ బోస్, నడుమ లెన్నీ రోడ్రిగ్స్, హర్మన్‌జోత్ ఖబ్రా వచ్చిరి. పిమ్మట గురుప్రీత్ సింగ్ సంధూను గోల్ కీపరుగా తెచ్చుకొనిరి. లేనిదానిని కొనిరి. ఇదియే వర్తక ధర్మము.

ఫలితమేమి? ఆ యేడు లీగులో ప్రథమ స్థానము లభించినది. అయినను 2018 మార్చి 17న కంఠీరవ మైదానమున జరిగిన తుదిపోటీలో చెన్నై జట్టు చేతిలో 3-2 గోలులతో ఓడిరి. అందు రెండు గోలులు కార్నరు బంతికి ప్రత్యర్థి బ్యాకు ఒకడు తలతో కొట్టినవే. మరుసటి యేడు, అదే మార్చి 17న, గోవా జట్టుపై అదనపు సమయమున భేకే తలతో కొట్టిన ఏకైక గోలు కప్పును తెచ్చిపెట్టెను. వెనుక నిలుచుటకు తెచ్చినవాడే విజయము తెచ్చినాడు!

అట్లని స్థానము జన్మహక్కు కాదు. మన హైదరాబాదు రహీం సాహెబు 1962లో జకార్తాలో, తలకు గాయమైన బ్యాకు జర్నైల్ సింగును ముందువరుసకు మార్చగా, తుదిపోటీలో అతడును గోలు వేసెను. భారతదేశమునకు స్వర్ణపతకము వచ్చెను. అతని బలమెరిగి మార్చిరి గాని, బంధుత్వమెరిగి కాదు.

ఇక మన తప్పు ఒప్పుకొందము. ఆనాటి సమావేశమున మేమును మా తమ్ముని కుమారునికి ముందువరుస కావలెనని ఒక మాట వేసితిమి. వాడు పరుగున మందుడు, ఎత్తరి, చేయి గట్టివాడు. వాని చోటు గోలు ముందే. ఈ మాట ఇంటిలో చెప్పుట కష్టమైనను చెప్పితిమి.

పెద్దలకు మా మనవి రెండే. మొదటిది: చిట్టాలో పేర్లకు ముందు స్థానములు వ్రాయుడు. ప్రతి స్థానమునకు ఇద్దరిని చూచి, ఆడించి, పిదప నిర్ణయింపుడు. రెండవది: ఆ చోటికి తగినవాడు మనలో లేనిచో పొరుగింటి కన్నడ బాలుని, ముస్లిము బాలుని పిలుచుటకు సంకోచింపవలదు. బెంగళూరువారి జట్టులో ముంబయి, బెంగాలు, గోవా, పంజాబు, మణిపురముల వారందరు కలిసియే ఆడిరి. తరతరములుగా ఈ నేలపై కన్నడిగులతో కలిసి బ్రతుకుచున్న మనము మైదానమున మాత్రము వేరు పడనేల? సంఘము పేరు తెలుగుదే. గోలు కాచు చేతులకు భాష లేదు.