బూజు మక్కలు బర్రెకు పెడితే ఆ విషం పాలలోకే వస్తది



యూరియా వేయం, పురుగుమందు కొట్టం, కాబట్టి మన పాలు స్వచ్ఛమైనవే అనుకుంటాం. నా అభిప్రాయం ఏందంటే, ఆ మాట సగమే నిజం. దాణాకు బూజు పడితే ప్రకృతి వ్యవసాయం చేసే ఇంటి పాలలో కూడా విషం వస్తది.

మన అక్కన్నపేట, హుస్నాబాద్ దిక్కు మక్కలు ఇంటికొచ్చే టైముకే ముసురు పడుతది. రోడ్డు మీద పోసినవి తడుస్తయి, పరదా కింద వేడెక్కి పచ్చ బూజు పడుతది. అట్లాంటివి మార్కెట్‌లో ఎవరూ కొనరు. "పారేసుడెందుకు, బర్రెకు పెడదాం" అంటాం. తప్పు అక్కడనే జరుగుతది.

ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్. అది తయారుచేసే విషం అఫ్లాటాక్సిన్ బి1. మక్కలు, పల్లి చెక్క, పత్తి గింజల చెక్క దానికి ఇష్టమైన చోట్లు. పశువు తిన్నాక కాలేయంలో కొంత భాగం ఎం1గా మారి, ఒక రోజు లోపే పాలలోకి దిగుతది. పాలు మరగబెట్టినా పోదు. తోడేసినా పెరుగులో ఉంటది. పాల మాంసకృత్తులను పట్టుకుని ఉంటది కాబట్టి పనీర్‌లో ఇంకా చిక్కబడుతది. నెయ్యిలోకి మాత్రం తక్కువ పోతది. ఇది కాలేయ క్యాన్సర్ తెచ్చే విషం. పాల మీదే బతికే చంటిపిల్లలకు ముప్పు ఎక్కువ.

ఇది ఉత్త భయం కాదు. 2018లో ఎఫ్ఎస్ఎస్ఏఐ దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే, 368 నమూనాల్లో ఎం1 పరిమితి దాటింది. మన దగ్గర ఆ పరిమితి కిలో పాలకు 0.5 మైక్రోగ్రాము. యూరప్‌లో అందులో పదో వంతే. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన పల్లెల్లో వానకు తడిసి బూజు పట్టిన మక్కలు తిని 106 మంది చనిపోయారు. పాలలో వచ్చేది అంత మోతాదు కాదు, కానీ రోజూ తాగేది పాలే కదా.

మనం చేయగలిగింది ఉంది. మక్కలు బాగా ఎండినయా లేదా తెలుసుకోవడానికి వీడియోలో చూపిన ఉప్పు పరీక్ష చేయండి: పొడి సీసాలో గుప్పెడు మక్కలు, కొంచెం పొడి ఉప్పు వేసి బాగా ఊపి కాసేపు ఉంచండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే ఇంకా తేమ ఉన్నట్టే, మళ్లీ ఆరబోయాలె. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టండి. వానాకాలంలో చెక్క కొద్దికొద్దిగానే కొనండి. బూజు పట్టినదాన్ని ఎండబెట్టి, దులిపి పెట్టొద్దు. బూజు పోయినా విషం ఉంటది. అది పెంటకుప్పకే. మేత మారిస్తే నాలుగైదు రోజుల్లో పాలు చాలావరకు బాగుపడతయి.

కానీ భారమంతా రైతు మీదనే వేస్తే న్యాయం కాదు. పాల కేంద్రంలో వెన్న, ఎస్ఎన్ఎఫ్ చూసి రేటు కడతారు. దాణా బస్తాకు, పాలకు ఈ విషం పరీక్ష కూడా చేయాలె. ఊరూరా ఆరబోసుకునే కల్లాలు, పరదాలు కావాలె. బస్తా మక్కలు పారేస్తే నష్టం ఎంతో లెక్క తెలుస్తది. మన మీద నమ్మకంతో లీటరుకు పది రూపాయలు ఎక్కువిచ్చి కొనే తల్లికి ఆ పాలు పోస్తే, ఆ నష్టానికి లెక్క ఉండదు.