పాదాలతో చూసిన నగరం

పరుగు నా స్వభావానికి విరుద్ధమైన క్రియ. పాఠశాలలో ఆటలపోటీలు జరిగే దినాన వేపచెట్టు నీడన నిలిచి, మిత్రుల చెప్పులకు కాపలా కాసే బాధ్యతను సంతోషంగా స్వీకరించినవాణ్ణి. యౌవనంలో సిటీబస్సు కోసం తప్ప పరుగెత్తి ఎరుగను. అటువంటి నన్ను, యాభై ఆరవ యేట, అర్ధ మారథాన్‌కు సిద్ధం కమ్మని మా అమ్మాయి ఆజ్ఞాపించింది. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న ఆమె, తాను పుట్టి పెరిగిన హైదరాబాదులో తండ్రితో కలిసి పరుగెత్తాలని ముచ్చటపడి, నాతో మాటమాత్రమైనా చెప్పకుండా నా పేరు నమోదు చేయించింది. రుసుము చెల్లించిన పిదప గాని నాకు తెలియలేదు. చెల్లించిన రుసుమును వదులుకోవడానికి మధ్యతరగతి మనస్సు అంగీకరించదు కదా!

మారథాన్ అన్నది గ్రీసు దేశంలోని ఒక ప్రదేశం పేరు. క్రీ.పూ. 490లో అక్కడ పారశీకులపై సాధించిన విజయవార్తను ఏథెన్సుకు పరుగున తెచ్చి, చెప్పి, ప్రాణం విడిచిన వార్తాహరుని కథ ప్రసిద్ధం. చరిత్రకారులు దానిని పూర్తిగా విశ్వసించరు. 1896లో ఏథెన్సు ఒలింపిక్ క్రీడలలో ఈ పరుగుకు స్థానం లభించింది. 1908లో లండన్‌లో పరుగెత్తిన 42.195 కిలోమీటర్ల దూరమే 1921 నుండి ప్రామాణికమైనది. అందులో సగం నా వంతు. చేరగానే మరణించినవాని జ్ఞాపకార్థం జరిగే పరుగుకు కన్నతండ్రిని పంపడంలో ఔచిత్యమేమిటని మా అమ్మాయిని అడిగాను. “సగమే కదా, నాన్నా!” అన్నది.

ఫాల్గుణమాసంలో సాధన ఆరంభించాను. తార్నాకలోని మా ఇంటికి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం సమీపం. తొలి వారాలలో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా మాత్రమే పెంచాలన్నది నియమం. ఉత్సాహం కొద్దీ ఒకసారి దానిని ఉల్లంఘించి పది రోజులు పిక్కల నొప్పితో కుంటాను. పరుగెత్తుతూ మాట్లాడగలిగితేనే వేగం సముచితమైనదని అంటారు. నా కొలత వేరు. సీసపద్యంలో ఒక పాదాన్ని తెగకుండా చదవగలిగితే వేగం సరిపోయినట్లు. నడుమ ఊపిరి అందక పదం విరిగితే నెమ్మదించవలసినట్లు. రోహిణీకార్తెలో ఈ కొలత ప్రకారం నేను పరుగెత్తింది తక్కువ, నిలబడింది ఎక్కువ. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం మెట్లపై కూర్చొని గంటల తరబడి కావ్యచర్చలు చేసినవాణ్ణి. ఆ దారిలో ఎత్తుపల్లాలు ఎన్ని ఉన్నవో కాళ్ళు చెబితే గాని తెలియలేదు!

నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు రథవేగానికి జారిన తన ఉత్తరీయాన్ని తీసుకొనడానికి రథాన్ని ఆపమంటాడు. అది అప్పటికే యోజనం వెనుక ఉన్నదని సారథియైన బాహుకుడు బదులిస్తాడు. ఈ ఘట్టాన్ని ఎన్నో ఏళ్ళు అశ్వవిద్యకు ఉదాహరణగానే బోధించాను. ఇప్పుడు నా దృష్టి ఉత్తరీయం మీదికి మళ్ళింది. ముప్పై ఏళ్ళుగా బస్సులోను, స్కూటరు మీద తిరుగుతూ నేను ఎన్ని ఉత్తరీయాలు జారవిడిచానో! ఒక ఆదివారం విద్యానగర్, కాచిగూడ, కోఠీల మీదుగా అఫ్జల్‌గంజ్ చేరి, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు వద్ద ఆగాను. లండన్‌లో ఆ మారథాన్ జరిగిన 1908వ సంవత్సరంలోనే, సెప్టెంబరు 28న, మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తింది. ఆనాడు దాదాపు నూటయాభై మంది ఈ చెట్టు కొమ్మలనెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ దారిన వందల పర్యాయాలు వెళ్ళినా ఒక్కసారి కూడా దిగి చూడలేదు. నగరాన్ని ప్రేమిస్తున్నామని చెప్పుకొనడం సులభమే. కాని దానిలో నడవనివాని ప్రేమకు ఆధారం తక్కువ అని నా అభిప్రాయం.

ఈ పరుగులు సంపన్నుల వేడుకలనే ఆక్షేపణ ఉన్నది. అందులో సత్యం లేకపోలేదు. నా బూట్ల వెల మా నాన్నగారి ఆరు నెలల జీతానికి మించినది. కోఠీలో తెల్లవారకముందే వీధి ఊడ్చే ఒక పారిశుద్ధ్య కార్మికురాలు ఒకనాడు నన్ను ఆపి, “గింత పొద్దుగాల యాడికి ఉరుకుతున్నరు సారూ, ఎవరన్న తరుముతున్నరా?” అని అడిగింది. సంగతి వివరించాను. “పైసలిస్తరా?” అన్నది. “లేదమ్మా, మనమే కట్టాలి” అన్నాను. చీపురు ఆపి నవ్వింది. తాను ఇంటి నుండి నడిచే వస్తానని, కాలిబాట మీద దుకాణాల సామానులు, నిలిపిన వాహనాలు ఉండడం వలన చీకట్లో నడిరోడ్డు మీదనే నడుస్తానని చెప్పింది. ఆమె మాట విన్నది మొదలు నాకొక సందేహం బాధిస్తున్నది. ఒక ఆదివారం ఉదయం మా వంటివారి పరుగు కోసం వాహనాలను ఆపగలిగినవారు, మిగిలిన దినాలలో పొట్టకూటికి నడిచేవారి కోసం నాలుగడుగుల బాటను ఖాళీ చేయించలేరా? ఈ ప్రశ్నను అడగవలసినవారిలో మొదటివారు పరుగెత్తేవారే. పతకాన్ని మెడలో వేసుకొని ఛాయాచిత్రం తీయించుకొని ఇంటికి పోవడం నాకు సమ్మతం కాదు.

ఇంకా మూడు వారాల గడువున్నది. వచ్చే ఆదివారం పదహారు కిలోమీటర్లు పూర్తిచేయాలని మా అమ్మాయి ఫోనులో నిర్దేశించింది. నాలుగున్నరకే బయలుదేరి, మళ్ళీ కోఠీ మీదుగానే వెళ్ళాలని నిశ్చయించుకున్నాను. ఎంత దూరం పరుగెత్తానో ఆమె తప్పక అడుగుతుంది.