నాట్యమునకు తగిన జడ

అమ్మాయికి జుట్టు భుజములు దాటలేదని నాట్యప్రదర్శనమునకు వెనుదీయు తల్లులను మేమెరుగుదుము. సోదరీమణులారా, పొట్టిజుట్టునకు సవరమున్నది. దానికై విద్య మానిపింపనేల? ఎరుగవలసినది వేరు. ఏ నాట్యమునకు ఏ కట్టు తగును, దానిని పిల్లతల నొప్పింపక ఎట్లు కట్టవలయును అనునదియే ముఖ్యము.

మన కూచిపూడి నాట్యమున జడ కేవలము అలంకారము కాదు. భామాకలాపమునందు సత్యభామ తెరవెనుక నిలిచి, తన జడను తెర మీదుగా సభవారివైపు వ్రేలవైచును. తన్ను మించి ఆడగలవారున్నచో ఆ జడను కోసివేయవచ్చునను పంతము అందు కలదని పెద్దలు చెప్పుదురు. చిరకాలము ఆ జడ ధరించినవారు పురుషులే. సత్యభామ పాత్రమున ప్రఖ్యాతిగాంచిన వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) వారిలో ఒకరు. మగవారు సవరముతో సభలను మెప్పింపగా, పొట్టిజుట్టు గల ఆడుపిల్లకు లోటేమి? ఈ నాట్యమునకు తలపై సూర్యచంద్రులు, జడపై బిళ్లలు, కొసను కుచ్చులు ఉండవలసినదే. ముడి వేసినచో సత్యభామ సగము తగ్గినట్లగును.

భరతనాట్యమునందును జడయే వాడుక. అది వీపు నడుమ గీత గీచినట్లు నిలిచినగాని అందము లేదు గనుక, కొసను వడ్డాణము క్రింద దోపుట మేలు. కేరళదేశపు మోహినియాట్టమునకు తలకు ఎడమప్రక్కగా కొప్పు ముడిచి మల్లెమాల చుట్టుదురు. మెల్లగా ఊగు ఆ నడకకు ప్రక్కకొప్పు ఎంత సొగసో చూచినవారికే తెలియును. ఒడిస్సీకి వెనుకముడి, దానిపై తెల్లని తాహియా నిలుపుదురు. అది మన పెండ్లి బాసికములకు వాడు జీలుగుబెండు వంటి బెండుతో చేయబడును. పూరీపట్టణము ఈ పనికి ప్రసిద్ధము. కథక్‌లో జడయు కలదు, ముడియు కలదు. గిరగిర తిరుగునపుడు విడిజడ ముఖమునకు తగులును గాన, చిన్నపిల్లలకు ముడియే మంచిదని మా తలంపు.

ఇక కట్టు విధము. కనుబొమలు పైకి లేచునట్లు బిగించి దువ్వుట కొందరికి నేర్పుగా తోచుచున్నది. ఇట్లు మాటిమాటికి లాగినచో కణతలయొద్ద, నుదుటి అంచున వెండ్రుకలు ఊడును. మొదట మానినచో మరల మొలచును. ఏండ్లతరబడి సాగినచో కుదుళ్లు చెడి ఆ చోటు బోడిగానే నిలుచును. కావున బిగువు జడ మొదటనే యుండవలెను గాని కణతలయొద్ద కాదు. సవరమును నల్లదారముతో పలుచుట్లు చుట్టి ముడివేయుడు. తలంటు ముందునాడే కానిండు. అప్పుడే కడిగిన జుట్టు జారును, నూనె రాసినది మరియు జారును. పూలను మితముగా తురుముడు, తడిసిన పూలజడ బరువు చూచువారికి తెలియదు.

ప్రదర్శనమునకు వారము ముందే ఒకసారి పూర్తిగా కట్టి, పిల్లను పదిసార్లు తిరుగుమని, ముందుకు వంగుమని, గంతులు వేయుమని చెప్పుడు. ఏది సడలునో అప్పుడే తెలియును. తల నొచ్చుచున్నదని పిల్ల చెప్పినచో వంకయని త్రోసివేయక విప్పి మరల కట్టుడు. ఆట ముగిసిన పిదప ఛాయాచిత్రములకొరకు అర్ధరాత్రివరకు ఆ బరువును మోయింపకుడు. రెండు చిత్రములు తీయించి, సవరము విప్పి, వ్రేళ్లతో మెల్లగా తల నిమిరి పండుకొననిండు.